పుంజు ఈకకు పరిగె

ఫోనులో ఎవరో అమెరికా కుర్రాడు మోకాలి లోతు ఏట్లో నిలబడి ఉంటాడు. తల మీదుగా పసుపుపచ్చ దారం వెనక్కీ ముందుకీ మెలికలు తిరుగుతూ సాగుతుంది. దాని చివర ఈగంత ఎర నీళ్ళ మీద వాలగానే చేప ఎగిరి అందుకుంటుంది. గాలం అలవాటున్న ఏ గోదావరి మనిషికైనా ఇది చూస్తే చెయ్యి దురద పెట్టకుండా ఉండదు. వెంటనే సామాను ధరలు వెతుకుతాడు. కర్ర, రీలు, దారం, ఈగల డబ్బా అన్నీ కలిపి లెక్కేసేసరికి ఇంటి అద్దె గుర్తుకొస్తుంది. ఆపైన ఇంకో అనుమానం: రాజమండ్రిలో ట్రౌట్ చేప ఎక్కడ దొరుకుతుంది?

దొరకదు. దాని అవసరమూ లేదు. ఆ దేశంలో కూడా, ఈకలతో కట్టిన ఈగలాంటి ఎర విసిరే ఈ ఫ్లై ఫిషింగ్ నేర్చుకునేవాళ్ళలో చాలామంది మొదట పట్టేది బ్లూగిల్ అనే చిన్న చేపనే. అరచేతి వెడల్పు, ఇంటి పక్క చెరువులో కాపురం, పురుగు కనబడితే ఆగలేని ఆబ. దీని ప్రపంచ రికార్డు 1950లో అలబామా రాష్ట్రంలోని కెటోనా చెరువులో పడింది. బరువు 4 పౌండ్ల 12 ఔన్సులు, అంటే రెండు కిలోల పైచిలుకు. మామూలుగా దొరికేవి పావు కిలో దాటితే గొప్ప. ఇలాంటి చిన్న చేపల్ని అక్కడ పాన్‌ఫిష్ అంటారు. ఆ కొలతకు సరిపోయే చేపలు డెల్టాలో తక్కువా? పరిగెలు, గొరకలు, తిలాపియాలు, జెల్లలు... 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక ధవళేశ్వరం నుంచి కాకినాడ దాకా, విజ్జేశ్వరం నుంచి నరసాపురం దాకా అల్లుకున్న కాలువలన్నిటా ఇవే.

ఇక రీలు సంగతి. కర్ర కొసకు దారం కట్టేసి, రీలనేదే లేకుండా ఈకల ఎర విసిరే పద్ధతి జపాన్ కొండ ఏళ్ళలో ఎప్పటినుంచో ఉంది. పేరు టెంకారా. 2009 తర్వాత అమెరికాలో అది పెద్ద మోజైంది. ఇంగ్లండులో గాలం వేటకు పెద్ద గురువుగా చెప్పుకునే ఐజాక్ వాల్టన్ 1653లో పుస్తకం రాసేనాటికి అక్కడ కూడా గుర్రపు వెంట్రుకలు పేనిన దారాన్ని కర్ర కొసకే కట్టేవారు. ఇప్పుడు ఆత్రేయపురం కాలువగట్టు మీద వెదురు కర్ర పట్టుకుని కూర్చున్న పెద్దాయన్ని చూడండి. ఆయన చేతిలో సామాను సగం సిద్ధంగానే ఉంది. మారాల్సింది దారం చివరన ఉన్న వానపాము, దాన్ని నీళ్ళలోకి పంపే తీరు.

ఆ రెండూ ఎలా మార్చుకోవాలి?

1. కర్ర కొస బతికి ఉండాలి

వెదురైతే పన్నెండు అడుగులు చాలు. ఊపి చూడండి. కర్ర మొత్తం మొద్దులా కదిలితే పనికిరాదు. మొదలు గట్టిగా ఉండి పై మూడోవంతు వంగి లేవాలి. ఫైబరు కర్రల్లో ఒకదానిలో ఒకటి దూరే రకం, రీలు తగిలించే పని లేనిది, చేపల సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. మూడున్నర మీటర్లది తీసుకుంటే చాలు. కొత్తవాళ్ళు చేసే మొదటి పొరపాటు పొడుగు కర్ర కొనడం. అయిదు మీటర్ల కర్ర దూరం వెళ్తుంది నిజమే, కానీ అరగంటకే మణికట్టు లాగేస్తుంది. పైగా కాలువగట్టు మీద కొబ్బరిమట్టల మధ్య దాన్ని తిప్పడం ఓ తలనొప్పి.

కార్బన్ కర్ర కొన్నవాళ్ళు ఒక సంగతి మాత్రం మరవకూడదు. కార్బన్‌లో కరెంటు పారుతుంది. డెల్టాలో రొయ్యల చెరువుల మోటార్ల కోసం లాగిన తీగలు గట్ల వెంట తక్కువ ఎత్తులో వేలాడుతుంటాయి. తీగ కింద ఏ కర్రా ఎత్తొద్దు, తడిసిన వెదురైనా సరే. పిడుగుల వానప్పుడు అసలే వద్దు.

2. దారానికి బరువు కావాలి

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. మామూలు గాలంలో సీసపు గుండో, పిండిముద్దో దారాన్ని లాక్కుపోతుంది. ఈకల ఎరకు బరువుండదు. కాబట్టి దారమే తన బరువుతో ఎరను మోసుకెళ్ళాలి. వెంట్రుకలాంటి సన్న నైలాన్ దారం మీరు ఎంత విసిరినా గాలికి ముఖం మీదికే వస్తుంది.

ఇంట్లోనే చేసుకునే మార్గం ఉంది. నాలుగు పోగుల నైలాన్ దారం పేని కర్ర కొస వైపు పెట్టండి. దాని తర్వాత మూడు పోగులు, ఆపైన రెండు. మొదట లావు, పోనుపోను సన్నం. మొత్తం పొడవు కర్రంత ఉంటే చాలు. చివర ఒక మీటరు మేర 0.15 మిల్లీమీటర్ల ఒంటి దారం కట్టి, దానికి ఎర కట్టాలి. ఆ చివరి మీటరు సన్నగా లేకపోతే పరిగె దగ్గరదాకా వచ్చి, చూసి, వెనక్కి తిరుగుతుంది.

3. ఈగను కట్టడం

సంక్రాంతి దాటాక భీమవరం చుట్టుపక్కల పుంజు ఈకలకు కరువేమిటి? ప్రపంచమంతా ఫ్లై కట్టేవాళ్ళు వాడేది పుంజు మెడ ఈకలనే. భారతదేశపు పుంజుల మెడ తోలు వాళ్ళ దుకాణాల్లో చాలాకాలంగా దొరికే సరుకు. అక్కడ గోధుమ, నలుపు, తెలుపు అని అడిగి కొంటారు. ఇక్కడ డేగ, కాకి, సేతువ అంటే సరిపోతుంది. కూరకు కోసిన పుంజు మెడ మీద ఈకలు నాలుగు పక్కన పెట్టుకోండి. నెమలి ఈకల జోలికి పోవద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద నెమలి రక్షిత పక్షి, ఆ ఈక ఎక్కడిదని ఎవరైనా అడిగితే మీ దగ్గర జవాబుండదు.

గాలం నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది. పరిగెకు 14 లేదా 16, గొరకకూ తిలాపియాకూ 10 లేదా 12. నల్ల కుట్టుదారం గాలం కాడ మీద చుట్టుకుంటూ వెళ్ళండి. దాని మీద దూరం దూరంగా ఓ పాత చీర జరీ పోగు నాలుగు చుట్లు వేస్తే పురుగు పొట్ట మీద గీతల్లా మెరుస్తుంది. ఉప్పాడ చీర అంచు చిరిగిపోయి మూల పడేసి ఉంటే ఇంట్లోవాళ్ళని అడిగి మరీ తీసుకోండి, అడక్కుండా తీస్తే వచ్చే గొడవకు ఈ అధ్యాయం బాధ్యత వహించదు. గాలం కన్ను దగ్గర డేగ ఈకను రెండు చుట్లు మాత్రం చుట్టి ముడేయాలి. మూడో చుట్టు వేయాలని చెయ్యి లాగుతుంది. ఆపండి. ఈకలు వత్తుగా ఉంటే ఎర మునగదు, కదలదు. నీళ్ళలో ఆ నాలుగు ఈకపోచలు కాళ్ళలా ఆడాలి.

పైన తేలే ఎర కావాలంటే రెండు దారులు. అరిగిపోయిన హవాయి చెప్పు నుంచి బ్లేడుతో బియ్యపుగింజంత ముక్క కోసి గాలానికి దారంతో బిగిస్తే నల్లచీమలా కనబడుతుంది. లేదా జీలుగు బెండు. పెళ్ళి బాసికాలకు వాడే ఆ బెండే గాలానికి తేలుడుగా తరతరాలుగా పనికొస్తోంది. దాన్నే శనగగింజంత గుండ్రంగా చెక్కి, ముందు వైపు కాస్త గుంట చేసి గాలానికి అతికిస్తే లాగినప్పుడల్లా 'టప్' మని నీళ్ళు చిమ్ముతుంది. బ్లూగిల్ కోసం అమెరికన్లు కార్కుతో చేసుకునేది ఇదే. మన బెండు కార్కుకన్నా తేలిక, చెక్కడం సులువు. ఒకటే లోపం, పళ్ళున్న చేప నాలుగుసార్లు కొరికితే పిండైపోతుంది.

4. విసరడం డాబా మీద నేర్చుకోండి

కాలువ దగ్గర నేర్చుకుంటే చేప మీద ధ్యాస, చేతి మీద ఉండదు. ముందు డాబా ఎక్కండి. గాలం తీసేసి దారం చివర ఎర్ర ఊలు ముక్క కట్టండి. పది అడుగుల దూరంలో ఓ పళ్ళెం పెట్టండి. చూపుడువేలు కర్ర మీద చాపి పట్టుకుని మోచేయి ఒంటికి దగ్గరగా ఉంచండి. కర్రను వెనక్కి ఎత్తి, తల మీదికి రాగానే టక్కున ఆపాలి. దారం వెనక పూర్తిగా సాగేదాకా ఒక్క క్షణం ఆగి, ముందుకు తెచ్చి మళ్ళీ ఆపాలి. ఆపడంలోనే ఉంది పనంతా. కర్ర ఆగితేనే దారం ముందుకు దూకుతుంది.

ఊలు ముక్క పళ్ళెం చేరకముందే కాళ్ళ దగ్గర కుప్పగా పడుతోందా? వెనక ఆగలేదన్నమాట. కొరడాలా చెళ్ళుమని చప్పుడు వస్తోందా? మరీ తొందరపడ్డారు. ఆ చప్పుడొచ్చిన ప్రతిసారీ నిజం దారం మీద ఈగ తెగి ఎగిరిపోయినట్టే. సమస్య బలం చాలకపోవడం కాదు, ఎక్కువ కావడం. విసురు వల వేయడం వచ్చినవాళ్ళు ఇక్కడ ఎక్కువ ఇబ్బంది పడతారు. వల నడుము బలంతో వెళ్తుంది, ఇది ముంజేతితో ఆగిపోతుంది.

కాలువ దగ్గర ఇంకో చిక్కుంది: వెనక చోటుండదు. కొబ్బరి చెట్టో, అరటి బోదెలో, రేవులో బట్టలుతికేవాళ్ళో ఉంటారు. వెనక్కి విసిరేముందు తిరిగి చూడటం మర్యాద కన్నా ముందు భద్రత. చోటు లేనప్పుడు ఎరను ఎడమ చేతి రెండు వేళ్ళతో, మొన తగలకుండా వంపు దగ్గర పట్టుకుని, కర్ర కొస వంగేలా లాగి వదిలేయండి. విల్లులోంచి బాణం వెళ్ళినట్టు ఎర సూటిగా ముందుకు పోతుంది. గుర్రపుడెక్క గుంపుల మధ్య తలుపంత ఖాళీలో వేయడానికి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు.

5. ఎప్పుడు, ఎక్కడ

వానపాముకు వాసనుంది, బురదనీళ్ళలోనైనా చేప వెతుక్కుంటూ వస్తుంది. ఈకల ఎరకు వాసన లేదు, కనబడితేనే పని. అందుకని జులై నుంచి గోదావరి ఎర్రనీళ్ళు కాలువల్లోకి దిగినంతకాలం ఈ సరదా కట్టిపెట్టాల్సిందే. దసరా దాటి నీరు తేరుకున్నాక సంక్రాంతి దాకా మంచి కాలం. ఎండాకాలంలో కాలువలు కట్టేసినప్పుడు లాకుల దిగువన, తూముల కింద మడుగుల్లో చేప పోగవుతుంది. కానీ వేడెక్కిన ఆ కాసిని నీళ్ళలో ఊపిరాడక ఉన్నవాటిని పట్టడంలో నేర్పేముంది?

అన్నిటికన్నా గొప్ప సాయంత్రం ఏడాదికి కొద్దిసార్లే వస్తుంది. తొలకరి వాన పడి, చీకటి పడేవేళ ఉసిళ్ళు లేస్తాయి. వీధి దీపాల కింద రాలినట్టే చెరువు మీదా రాలతాయి. నీటి మీద చినుకులు పడుతున్నాయా అన్నట్టు చేపలు పైకొచ్చి మింగుతుంటాయి. పరిగెలూ గొరకలూ భయం మరిచిపోయే ఆ అరగంటలో గోధుమరంగు ఈక ఎర ఏది వేసినా పడుతుంది. కాలువలో ఎర్రనీరున్నా ఊరి చెరువు తేటగా ఉంటుంది కాబట్టి అక్కడికి వెళ్ళండి. వెళ్ళేముందు ఆ చెరువు పాట పాడుకున్నవాళ్ళని ఒక మాట అడగండి. చేపలు వాళ్ళు డబ్బు కట్టి పెంచుకుంటున్నవి. ఆక్వా చెరువుల వైపు కర్ర పట్టుకుని నడవడమే తప్పు. కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, కోరింగ మడ అడవులూ అభయారణ్యమే, అటవీ శాఖ నిబంధనలు తెలుసుకోకుండా దిగొద్దు.

కాలువలో ఎక్కడ నిలబడాలి? నడిమధ్య నీటి ఉరవడిలో చిన్న చేప ఉండదు. వంతెన స్తంభం వెనక, లాకు గోడ మలుపులో, గట్టు మీంచి వంగిన చెట్టు కింద, గుర్రపుడెక్క అంచున చూడండి. పొద్దు మీ వెనక ఉంటే మీ నీడ మీకన్నా ముందే చేపను పలకరిస్తుంది. పక్కకు జరగండి. తెల్ల చొక్కా కన్నా లుంగీ రంగు చొక్కా మేలు.

6. ఎవరికి ఏ ఎర

పరిగె నోరు చిన్నది, బెదురు ఎక్కువ. 16 నంబరు ఎరను వేసి నీటి వాలున వదిలేయాలి, లాగకూడదు. దారం చివర కాస్త ఆగినట్టనిపిస్తే కర్ర కొస ఎత్తండి, అంతే. బుటుక్కున లాగితే పెదవి తెగి పోతుంది.

గొరక అలా కాదు. గాలి పీల్చడానికి పైకొచ్చే చేప, మిడతనూ చీమనూ వదలదు. చెప్పుముక్క చీమను దాని దగ్గర టపుక్కున పడేయండి. మొదటి దెబ్బకే నోట్లో వేసుకుంటుంది. పట్టుకునేటప్పుడు చెంపల మీద రంపపు పళ్ళుంటాయి, జాగ్రత్త.

తిలాపియా 1952లో మన దేశానికి తెచ్చిన చేప. ఇప్పుడు ఏ డ్రెయిను చూసినా అదే. మగది ఒడ్డు దగ్గర పళ్ళెంలా గుంట తవ్వుకుని కాపలా కాస్తుంది. ఆ గుంటలోకి ఎర జారిస్తే ఆకలి లేకపోయినా కోపంతో అందుకుంటుంది. బ్లూగిల్ కూడా సరిగ్గా ఇలాగే గూడు కాస్తుంది, వసంతంలో అమెరికన్లు వాటిని అక్కడే పడతారు. పెద్ద మగవాటిని ఏరేస్తే ఆ చెరువులో చేప సైజే తగ్గిపోతుందని వాళ్ళ శాస్త్రజ్ఞులు మొత్తుకుంటున్నారు. తిలాపియా విషయంలో మనకా బెంగ అక్కర్లేదు. ఎన్ని పట్టినా మన చేపలకు మేలే. పట్టింది ఇంకో చెరువులో వదలడం మాత్రం చేయొద్దు. 1960లో అమెరికా వెళ్ళిన జపాన్ యువరాజు అకిహితోకు షికాగో మేయరు బ్లూగిల్ చేపలు కానుకగా ఇచ్చాడు. అవి జపాన్ నీళ్ళన్నిటా వ్యాపించి దేశవాళీ చేపల్ని తినేశాయి. 2007లో, చక్రవర్తి హోదాలో ఆయనే బాధ వెలిబుచ్చాల్సి వచ్చింది.

ఉప్పునీటి గాలి తగిలే కోనసీమ డ్రెయిన్లలో, ఉప్పుటేరు వైపు దువ్వెన చేప ఉంటుంది. ఆడా మగా రెండూ కలిసి పిల్లల్ని కాస్తాయి. పిల్లల గుంపు కనబడితే తల్లిదండ్రుల్ని వదిలేయండి. అది నాచు మేసే చేప, ఈకల ఎర అందుకోవడం అరుదు కూడా.

జెల్ల కావాలని వేయకపోయినా పడుతుంది. వీపు మీదా, రెక్కల దగ్గరా ముళ్ళు. గుచ్చుకుంటే తట్టుకోగలిగినంత వేడినీళ్ళలో చెయ్యి పెట్టి ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఇంగిలాయి ముల్లు ఇంకా ఘోరం. దాన్ని చేత్తో ముట్టుకోకుండా దారం కోసేయడమే తెలివి.

7. వదిలేయడం కూడా నేర్చుకోండి

నీళ్ళు తేరుకుని ఈకల ఎరకు చేప బాగా పడే నెల, తీరా చూస్తే కార్తీకం. చాలా ఇళ్ళలో ఆ నెలంతా పొయ్యి మీదికి నీచు రాదు. మరి కర్ర అటక మీద పెట్టేయాలా? అక్కర్లేదు. గాలం మొన వెనక తిరిగి ఉండే చిన్న పన్నును పట్టకారుతో నొక్కేయండి. అప్పుడు చేప నోటినుంచి గాలం ఇట్టే జారి వస్తుంది. చెయ్యి తడుపుకుని పట్టుకోవాలి. పొడి చేత్తో పడితే ఒంటి మీది జిగురు పోయి బూజు పడుతుంది. నీళ్ళలోనే ఉంచి విప్పి వదిలేస్తే దానికీ ఇబ్బంది లేదు, ఇంట్లో మీకూ మాట రాదు.

అమావాస్య పోయి, మార్గశిరం వచ్చాక పరిగెల వేపుడు మీ ఇష్టం. పురుగుమందుల పొలాల నీరూ, ఊరి మురుగూ కలిసే డ్రెయిన్లలో పట్టినవి మాత్రం తినడానికి కాదు.

మరి కొరమీను పడితే?

ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది. బెండు ఎరను కప్పపిల్ల అనుకుని గుర్రపుడెక్క కిందినుంచి దూసుకొస్తుంది. చేతిలో రీలు లేదు, వదలడానికి దారం లేదు, చివరి మీటరు వెంట్రుకంత. కొత్తవాడు చేసే పని కర్రను నిలువుగా ఎత్తి రెండు చేతులా లాగడం. కర్ర కొస టప్పున విరుగుతుంది. దాని బదులు కర్రను పక్కకు వాల్చి, చేప వెళ్ళే వైపే గట్టు వెంట నడవండి. తలను ఖాళీ నీళ్ళవైపు తిప్పే ప్రయత్నం చేయండి. కిలో లోపుదైతే అయిదు నిమిషాల్లో అలిసిపోయి ఒడ్డుకు రావచ్చు. గుర్రపుడెక్కలోకి దూరిపోతే కర్రను చేపవైపు సూటిగా చాపి వెనక్కి లాగండి. సన్న దారం తెగుతుంది, కర్ర మిగులుతుంది. జేబులో రెండో ఈగ ఉంటే కట్టుకుని మళ్ళీ పరిగెల దగ్గరికి వెళ్ళండి. కొరమీను కోసమే వెళ్ళేరోజు లావు దారం, కప్ప ఎర, వేరే కర్ర తీసుకెళ్ళండి.